గుడ్డు పొడి

అనపర్తి కాలవ గట్టు కింద
తేతలి మంగాయమ్మ గారి కోళ్ల షెడ్డు
తెల్లారుజామున నాలుగింటికే లైట్లేసుకుని
ఎనిమిది వేల గొంతులతో నిద్ర లేస్తుంది.

నేను పశువుల ఆసుపత్రి అటెండర్ని.
జేబులో దర్జీ దగ్గర కొన్న టేపు,
చివర ఇత్తడి ముక్క ఎప్పుడో ఊడిపోయింది.
కొత్త రూలు వచ్చిన ఆరు నెలల్లో
ఈ మండలంలో దాంతో నేను కొలవని పంజరం లేదు.

మొదటిరోజు ఆవిడ నన్ను గుమ్మంలోనే ఆపేసింది.
"కోడికి చోటు లెక్క కడతారేంటండీ?
ఒరిస్సా నించి వచ్చి నా దగ్గర పనిచేసేవాళ్ల పాకకి
ఇన్నేళ్లలో ఎవరూ టేపు పెట్టలేదే!"
నేను మాట్లాడలేదు.
ఏం మాట్లాడతాను, నిజమే కదా.

తరవాత ఓ సాయంత్రం
ఒక పెట్ట రెక్క విప్పబోయి, తీగకి తగిలి,
అలాగే ఆగిపోవడం చూసిందట.
"సగం తెరిచిన గొడుగులా ఉందండి" అంది. అంతే.
గొలుసు తాకట్టు పెట్టింది.
నాలుగు పెట్టల్ని కుక్కిన గదిలో మూడే ఉంచింది.
గుడ్డుకి నలభై పైసలు పెరిగింది ఖర్చు.

మండపేట బేకరీ ఏసురత్నం గారు
పద్నాలుగేళ్లుగా ఆవిడ దగ్గరే తీసుకునేవారు,
రోజుకి ఇరవై ట్రేలు.
ఆషాఢంలో పన్నెండయ్యాయి, శ్రావణంలో ఆరు.
ఓ మధ్యాహ్నం ఆటో ఎలా వెళ్లిందో అలాగే
నిండు ట్రేలతో తిరిగొచ్చింది.

నేనే వెళ్లి చూశాను.
వెనక గదిలో మైదా బస్తాల పక్కన ఇంకో బస్తా.
కాకినాడ రేవులో దిగిందట.
చెయ్యి పెడితే వేళ్ల సందుల్లోంచి పసుపులా జారింది.
పసుపు కాదు, గుడ్డు.
పెంకు లేదు, సొన లేదు, రెట్ట అంటిన మరక లేదు.
బస్తా మీద తేమ ఎంతో ఉంది, కొవ్వు ఎంతో ఉంది,
ఏ తారీఖు దాకా నిలవుంటుందో ఉంది.
పెట్టిన పెట్ట ఎంత చోట్లో బతికిందో
తిప్పి తిప్పి చూసినా ఏ మూలా లేదు.

అలవాటు కొద్దీ టేపు తీశాను.
దేన్ని కొలవను?
బస్తా పొడుగు ముప్పై అంగుళాలు.

ఏసురత్నం గారు నవ్వారు.
"నీ రూలు సముద్రం దాకానే అబ్బాయ్,
ఉప్పునీళ్లు తగిల్తే చెరిగిపోద్ది."

చెరగదు. నాకు తెలుసు.
ఉప్పాడ దగ్గర రొయ్యపిల్లల హేచరీలో మా బావమరిది పని.
తల్లి రొయ్య తొందరగా గుడ్లు పెట్టాలని
దాని కంటికాడ చిదిమేసేవాళ్లు, చిటికెలో.
అవతలి ఒడ్డున కొనేవాళ్లు ఓ కాగితం పంపారు,
కన్ను తీసిన తల్లి పిల్లలు మాకొద్దని.
ఇప్పుడవి రెండు కళ్లతో ఈదుతున్నాయి,
తీరిగ్గా గుడ్లు పెడుతూ.
వాళ్ల రూలు అంత సముద్రం ఈదుకొచ్చింది.
మాది రేవు మెట్ల మీద కూర్చుని
ఇంకా కాళ్లు తడుపుకుంటోంది.

"పంజరాలు మళ్లీ బిగించెయ్ వదినా" అన్నారు పక్క షెడ్డు వాళ్లు.
ఆవిడ నాకు కబురంపింది.
"అర్జీ రాయండి. రూలు తియ్యమని కాదు.
నా పెట్టకి పెట్టిన టేపే ఆ బస్తాకీ పెట్టమని."
రాశాను. సంతకం పెట్టబోయి ఆగింది.
"ఆ దేశం కోళ్ల మీద నాకు కోపం లేదని కూడా రాయండి.
వాటి రెక్కలు కూడా తీగకి తగుల్తుంటాయేమో."
అర్జీలో అలాంటివి రాయరండీ, అన్నాను.
రాయమంది.
మార్జిన్లో, చిన్న అక్షరాల్లో, రాశాను.

జవాబు రాలేదు. దీపావళి కూడా వెళ్లిపోయింది.
టేపు ఓ పూట అడిగి తీసుకుంది, తిరిగివ్వలేదు.
నిన్న అటు వెళ్తే కనపడింది,
పనివాళ్ల పాక గుమ్మానికి, మేకుకి వేలాడుతూ.